జపాన్ ప్రశ్నలు, జర్మనీ మెయిళ్లు, అబిడ్జాన్ ఫోన్లు: జీడి వ్యాపారంలో వీటిని ఎలా అర్థం చేసుకోవాలి?

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

జీడి ఫ్యాక్టరీ. ఇన్నాళ్లూ పప్పు మన దేశం మార్కెట్లకే. ఇప్పుడు రెండు ఎంక్వైరీలు ఉన్నాయి. జపాన్ నుంచి డబ్ల్యూ 320 (విరగని పప్పులో ఒక సైజు గ్రేడు), జర్మనీలో ఒక ప్యాకర్ నుంచి డబ్ల్యూ 240, 320 కలిపి. పిక్కల (పప్పు తీయని పచ్చి జీడిగింజల) కోసం ఐవరీ కోస్ట్‌లోని అబిడ్జాన్ ఏజెంటుతోనూ మాటలు నడుస్తున్నాయి.

సరుకు గురించి కాదు నా ప్రశ్న. జపాన్ వాళ్లు ధర ఊసెత్తకుండా ప్రశ్నల మీద ప్రశ్నలు పంపుతున్నారు. జర్మనీ మెయిల్ చదివితే తిట్టినట్టే ఉంటుంది. అబిడ్జాన్ ఏజెంటు ఫోన్ చేసి ఇంటిల్లిపాది క్షేమం అడుగుతాడు గానీ ఆఫరు మాత్రం పంపడు. ఎవరి ఉద్దేశం ఏటి? మా ఆఫీసు పద్ధతిలో ఏం మార్చుకోవాలి? "ఇతర సంస్కృతులను గౌరవించండి" లాంటి జవాబులు నెట్‌లో బోలెడున్నాయి, అవి వద్దు బాబూ.


నాగావళి (రాయగడ)

ముగ్గురూ సవ్యంగానే ఉన్నారు, కంగారు పడకండి.

ముందు జపాన్. మీకు మెయిల్ రాస్తున్న మనిషి చేతిలో నిర్ణయం లేదు. తన కంపెనీలో మీ పేరు ప్రతిపాదించే పని ఆయనది. అక్కడ కొత్త సరఫరాదారుణ్ణి చేర్చుకోవాలంటే "రింగి" అనే కాగితం కింది నుంచి పైకి నడుస్తుంది. నాణ్యత, కొనుగోలు, గోదాము, అకౌంట్లు, ప్రతి విభాగం ముద్ర వేయాలి. కాగితం కదలకముందే ఒక్కొక్కరినీ విడిగా కలిసి ఒప్పించుకునే అలవాటు కూడా ఉంది. మీకొచ్చే ప్రశ్నలు ఆ విభాగాలవి. ప్రశ్నలు వస్తున్నాయంటే ఫైలు నడుస్తోందని. అవి ఆగిపోయిన రోజున ఆలోచించాలి.

ధర చివర్లో వస్తుంది. ఒకసారి కాగితం మీదికి ఎక్కాక దాన్ని మార్చాలంటే మళ్లీ అన్ని ముద్రలూ పడాలి. అందుకే ముందు ఎక్కువ చెప్పి తర్వాత దిగుదామనే మన బజారు లెక్క అక్కడ బెడిసికొడుతుంది. దిగితే "మొదటి ధర ఎందుకు చెప్పారు?" అని అనుమానం. ధర పెరిగితే ఆ కాగితం పంపిన మనిషి పరువు పోతుంది.

చేయాల్సింది ఇది. ప్రశ్నలన్నిటికీ ఒకే ఎక్సెల్ పట్టిక పెట్టండి: ప్రశ్న నంబరు, వచ్చిన తేదీ, జవాబు, దాని రుజువు (ఫోటో, ల్యాబ్ రిపోర్టు, రిజిస్టరు పేజీ), జవాబిచ్చిన వాళ్ల పేరు. జవాబు ఇంకా సిద్ధం కాకపోతే ఆ గడి ఖాళీగా వదలకండి, "ఫలానా తేదీకి ఇస్తాం" అని రాయండి. ఆ తేదీకి ఇవ్వండి. "నో ప్రాబ్లం సార్, ఆల్ ఓకే" అనేది ఆ పట్టికలో ఎక్కడా పట్టదు.

సెలవులు కూడా గుర్తుంచుకోండి. ఏప్రిల్ చివరి నుంచి మే మొదటి వారం దాకా గోల్డెన్ వీక్, ఆగస్టు మధ్యలో ఓబోన్, డిసెంబర్ చివరి నుంచి జనవరి 3 దాకా కొత్త సంవత్సరం. ఆ రోజుల్లో జవాబు రాలేదని గుర్తుచేస్తూ మెయిళ్లు పెడితే అవతలి మనిషికి ఇబ్బంది. ఇంకోటి: వాళ్ల ఆర్థిక సంవత్సరం ఏప్రిల్ 1న మొదలు, బదిలీలు కూడా ఎక్కువగా అప్పుడే. మీతో మాట్లాడే మనిషి మారిపోవచ్చు. మార్చిలోగా ఆ పట్టిక ఇద్దరి దగ్గరైనా ఉండేలా చూసుకోండి.


బరంపురం బజారు

ఇవన్నీ పెద్ద కంపెనీల కబుర్లండీ. కాంట్రాక్టు గట్టిగా రాసుకో, ఎల్.సి. (కాగితాలు సరిపోతే డబ్బిస్తామని కొనేవాడి బ్యాంకు ఇచ్చే హామీ) తెరిపించుకో. డబ్బు చేతికొచ్చాక వాడు జపానైతే ఏటి, జర్మనీ అయితే ఏటి?


చికిటి గేటు

బజారు గారూ, ఎల్.సి. మీద బ్యాంకు చూసేది కాగితాలనే, సరుకుని కాదు. ఎల్.సి.ల అంతర్జాతీయ నియమావళి యూసీపీ 600 ప్రకారం కాగితాలు పరిశీలించడానికి బ్యాంకుకు గరిష్ఠంగా 5 బ్యాంకింగ్ రోజులు. సరుకు ఎక్కాక 21 రోజుల్లోపు మీరు కాగితాలు ఇవ్వాలి. అవి సరిపోతే ఈ కంటైనర్ డబ్బు వస్తుంది. రెండో కంటైనర్ ఆర్డరు మాత్రం ఎల్.సి. తెచ్చిపెట్టదు.

మన ఆంధ్ర-ఒడిశా సరిహద్దు వాళ్లకు ప్రత్యేకంగా ఒక చిక్కుంది. ఊరి పేరు. ఒక సర్టిఫికెట్‌లో పర్లాకిమిడి, ఇంకోదానిలో పారలాఖెముండి, పాతదాంట్లో ఒరిస్సా, కొత్తదాంట్లో ఒడిశా. బరంపురం వాళ్లకు ఇంకా ఘోరం: బెర్హంపూర్, బ్రహ్మపుర్, పైగా అదే ఉచ్చారణతో పశ్చిమ బెంగాల్‌లో ఇంకో ఊరు. చిరునామా అక్షరాలా ఒకేలా లేకపోయినా, దేశం ఒకటే అయితే యూసీపీ 600లో 14(జె) ప్రకారం బ్యాంకు దాన్ని తప్పు పట్టనక్కర్లేదు. కానీ జర్మనీ కొనుగోలుదారు కంపెనీలో సరఫరాదారుల వివరాలు తనిఖీ చేసే మనిషి పట్టుకుంటారు. ఇవి రెండు వేర్వేరు ఫ్యాక్టరీలేమోనని అడుగుతారు. మన దృష్టిలో అది అర్థంలేని చాదస్తం. వాళ్ల దృష్టిలో మొదటి మెయిల్‌తోనే పంపాల్సిన సమాచారం. జీఎస్టీ, ఐఈసీ (ఎగుమతి దిగుమతి కోడ్), ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార లైసెన్సు), బ్యాంకు ఖాతా, అన్నిటా ఒకే స్పెల్లింగు, జిల్లా పేరు, రాష్ట్రం, పిన్ కోడ్. కుదరని చోట "ఇవన్నీ ఒకే స్థలం" అని లెటర్‌హెడ్ మీద ఒక పేజీ.

ఇక జర్మనీ మెయిల్ సంగతి. "ఇది మాకు ఆమోదయోగ్యం కాదు" అని ఒకే వాక్యం వచ్చిందంటే కోపం కాదు. దాని తర్వాత వచ్చే పేరాలో ఏది ఆమోదయోగ్యమో ఉంటుంది, అది చదవండి. మర్యాద కోసం మెత్తగా చెప్పడం అక్కడ సమయం వృథా చేయడంతో సమానం. మీరూ అలాగే రాయొచ్చు: "మేము 5 శాతం తేమ దాటకుండా ఇవ్వగలం, 4 ఇవ్వలేం, కారణం ఇది." చేయలేనిది చేయలేమని చెబితే వాళ్లు నొచ్చుకోరు. చేస్తామని చేయకపోతే మళ్లీ నమ్మరు.

అఫ్లాటాక్సిన్ (బూజు వల్ల పుట్టే విషం) అంకెలు ముందే పట్టించుకోండి. ఐరోపాలో నేరుగా తినేవాళ్లకు అమ్మే జీడిపప్పుకు అందులో బి1 అనే రకం కిలోకు 2 మైక్రోగ్రాములు, అన్ని రకాలూ కలిపి మొత్తం 4 దాటకూడదు. ఏరడానికో ఇంకా శుద్ధి చేయడానికో వెళ్లే సరుకుకు 5, 10. జపాన్‌లో మొత్తం 10. "మా పప్పు ఎప్పుడూ బాగానే ఉంటుంది" అన్నది వాళ్లకు జవాబు కాదు, లాట్‌వారీ రిపోర్టు కావాలి.


మహేంద్రతనయ (పర్లాకిమిడి)

చిరునామా సంగతి నిజమే, చూసుకోవాలి. ఒక సందేహం. జర్మనీ నుంచి రాసేది నాణ్యత విభాగంలో చిన్న వయసు అమ్మాయి. ప్రతిదానికీ అడ్డు చెబుతోంది. వాళ్ల పెద్దాయనకు నేరుగా రాస్తే తొందరగా తేలుతుందా?


చికిటి గేటు

వద్దు. తేలదు, చెడుతుంది. ఆ అమ్మాయి సంతకం లేకుండా పెద్దాయన కొనడు. మీ మెయిల్‌ని ఆమెకే పంపి "ఏం చేద్దాం?" అంటాడు. ఆ మాట మీకు కనిపించదు, అంతే. "మీ షరతుల్లో ఏవి మారనివి, ఏవి మాట్లాడుకోదగ్గవి?" అని ఆమెనే అడగండి. సూటిగా చెబుతుంది.


సువర్ణరేఖ

దీనికి పుస్తకాల్లో అంకెలు కూడా ఉన్నాయి. గీర్ట్ హాఫ్‌స్టెడ్ అనే డచ్ పరిశోధకుడు 1967 నుంచి 1973 వరకు ఐబీఎం ఉద్యోగుల మీద జరిపిన సర్వేల నుంచి దేశాలకు మార్కులు ఇచ్చాడు. పై అధికారికి, కింది వాడికి మధ్య దూరాన్ని సహజమనుకునే తీరులో భారత్ 77, జపాన్ 54, జర్మనీ 35. అనిశ్చితి అంటే పడకపోవడంలో జపాన్ 92, జర్మనీ 65, భారత్ 40. జర్మనీ అమ్మాయి ఎందుకు అడ్డు చెప్పగలదో, జపాన్ ఎందుకు అన్ని ప్రశ్నలు వేస్తుందో ఇక్కడే ఉంది.


బరంపురం బజారు

ఐబీఎం ఉద్యోగుల్ని అడిగి గంజాం జిల్లా జీడి వ్యాపారి బుద్ధి కనిపెట్టారా? భలే.


నాగావళి (రాయగడ)

బజారు గారి ఎకసెక్కంలో నిజముంది. ఆ సర్వేలు ఒకే కంపెనీవి, యాభై ఏళ్ల కిందటివి, దేశం మొత్తానికి సగటు. ఎదురుగా ఉన్న మనిషికి అంటగట్టడానికి పనికిరావు. ఒసాకాలో ఇరవై మంది పనిచేసే కుటుంబ కంపెనీ యజమాని ఫోన్‌లోనే ధర ఖాయం చేయొచ్చు, హాంబర్గ్‌లో పెద్ద కంపెనీలో నాలుగు సంతకాలు కావచ్చు. ఆ మార్కులు ఒక పనికొస్తాయి: ఏ ప్రశ్న ముందు అడగాలో గుర్తుచేస్తాయి. "ఈ నిర్ణయంలో ఇంకా ఎవరెవరి ఆమోదం కావాలి? మామూలుగా ఎన్ని వారాలు పడుతుంది?" ఈ రెండూ మొదటి వారంలోనే అడగండి. ఏ దేశంలోనూ తప్పుగా అనుకోరు.


వంశధార (గుణుపురం)

పిక్కల వైపు నుంచి రాస్తున్నాను.

అబిడ్జాన్ ఏజెంటు పలకరింపు కాలక్షేపం కాదు. పశ్చిమ ఆఫ్రికాలో ఆరోగ్యం, ఇల్లు, ప్రయాణం అడిగాకే పని మాట. వాట్సాప్‌లోనూ అంతే. "ధర ఎంత?" అని మొదలుపెడితే అది మొరటుతనం. రెండు నిమిషాలు ఇవ్వండి, ఆయన ఇంటి సంగతి మీరూ అడగండి. మన పల్లెల్లో సంతలో పశువు కొనేవాడూ ముందు వానల గురించే మాట్లాడతాడు కదా.

ఆఫరు రాకపోవడానికి మాత్రం వేరే కారణం ఉండొచ్చు. అక్కడ సీజన్ ఫిబ్రవరి నుంచి జూన్ దాకా. ఐవరీ కోస్ట్‌లో సీజన్ మొదట్లో రైతుకు ఇవ్వాల్సిన కనీస ధర ప్రభుత్వం ప్రకటిస్తుంది, పత్తి, జీడి మండలి చూస్తుంది. అది తేలకముందు ఏజెంటు ఇచ్చే ఆఫరుకు విలువ లేదు. ఆయనకూ తెలుసు. ఈలోగా మూడు విషయాలు తేల్చుకోండి: సరుకు ఏ ఊరి గోదాములో ఉంటుంది (బువాకేనా, కొరోగోనా), ఎక్కేది అబిడ్జాన్ ఓడరేవులోనా సాన్ పెడ్రోలోనా, కంటైనర్ నింపేటప్పుడు మీ తరఫు ఇన్‌స్పెక్టర్ కట్ టెస్ట్ చేయడానికి ఒప్పుకుంటారా. మూడోదానికి ఒప్పుకోని ఏజెంటును ఎంత ప్రేమగా పలకరించినా వదిలేయండి.

కట్ టెస్ట్ లెక్క తెలియనివాళ్ల కోసం. వేర్వేరు బస్తాల నుంచి తీసి కలిపిన నమూనాలో కిలో తూచి, పిక్కలు లెక్కపెట్టి, అన్నీ కోసి చూస్తారు. మంచి పప్పు బరువు పూర్తిగా, మచ్చలున్నదీ ముదరనిదీ సగం, పుచ్చినది సున్నా. వచ్చిన గ్రాములను 0.1764తో గుణిస్తే 80 కిలోల బస్తాకు ఎన్ని పౌన్ల పప్పు వస్తుందో తెలుస్తుంది. అదే కె.ఓ.ఆర్. కిలోకు 266.5 గ్రాములు వస్తే 47. పలాస వైపు పిక్కల ధర 80 కిలోల బస్తాకే చెబుతారు కాబట్టి మనవాళ్లకు ఈ లెక్క సులువు. తేమ 10 శాతం లోపు ఉండాలి. లేకపోతే ఓడలోనే బూజు.

కాంట్రాక్టులో 47 ఆధారం, 45 కంటే తక్కువైతే తిరస్కరించే హక్కు, మధ్యలో ఉంటే దామాషా తగ్గింపు అని రాసుకోవచ్చు. ఉదాహరణకు టన్ను 1,200 డాలర్లకు ఒప్పుకుని 46 వస్తే 1,200ను 46తో గుణించి 47తో భాగించాలి: 1,174.47 డాలర్లు. ఈ లెక్కను కాంట్రాక్టులో ఉదాహరణతో సహా ఫ్రెంచిలోనూ ఇంగ్లీషులోనూ వేయించండి, తేడా వస్తే ఏ భాష ప్రతి చెల్లుతుందో కూడా రాయించండి. "నాణ్యత బాగుండాలి" అన్న వాక్యానికి ప్రతి దేశంలో ఒక అర్థం, 1,174.47కి ఒకటే అర్థం.

ఫ్రెంచి వాయిస్ మెసేజ్ వస్తే విని ఊరుకోవద్దు. అర్థమైంది రెండు వాక్యాల్లో రాసి తిరిగి పంపి, "ఇదేనా?" అని అడగండి.


బరంపురం బజారు

ఇది నా మాట. రైతు దగ్గర ధర పెరగ్గానే ఏజెంటు తక్కువకు ఒప్పుకున్న కాంట్రాక్టు ఎగ్గొడతాడు. దానికి "వాళ్ల సంస్కృతిలో సంబంధం ముఖ్యం" అని పేరు పెట్టకండి. మన దగ్గర మాత్రం ధర పడితే కొనుగోలుదారు సరుకు వద్దనడా? డబ్బు ఎవరిదైనా డబ్బే.


వంశధార (గుణుపురం)

పూర్తిగా ఒప్పుకుంటాను. ఇంకో మాట కలుపుతాను: కొన్నిసార్లు సంస్కృతీ కాదు, మోసమూ కాదు, ప్రభుత్వ నిర్ణయం. బెనిన్ 2024 ఏప్రిల్ 1 నుంచి పచ్చి పిక్కల ఎగుమతి ఆపింది. టాంజానియాలో పిక్కలు గోదాము రశీదుల పద్ధతిలో వేలానికి వస్తాయి, అక్కడ ఏజెంటుతో ఎంత స్నేహం ఉన్నా రైతు నుంచి నేరుగా కొనలేరు. కాబట్టి ఆలస్యం జరిగితే ముందు చట్టం, తర్వాత బజారు, ఆ తర్వాతే స్వభావం చూడండి.

టాంజానియా పేరొచ్చింది కాబట్టి: స్వాహిలీలో గంటలు పొద్దు పొడిచినప్పటి నుంచి లెక్కిస్తారు. ఉదయం ఏడు వాళ్లకు ఒంటిగంట. ఇంగ్లీషులో మాట్లాడేటప్పుడు మామూలు గడియారమే వాడతారు, కానీ గోదాము కాపలాదారుతో లారీ సమయం ఖాయం చేసేటప్పుడు 24 గంటల లెక్కలో రాసి పంపండి.


మహేంద్రతనయ (పర్లాకిమిడి)

చాలా ఉపయోగం. అసలు భయం ఇంకోటి ఉంది. సరుకు చేరాక డబ్బాలో వెంట్రుకో పురుగో వచ్చిందని ఫోటో పంపితే ఏం చేయాలి? మనకు తెలిసింది ఒకటే, క్షమాపణ చెప్పి ధర తగ్గించడం.


నాగావళి (రాయగడ)

ఈ ఒక్క చోటే దేశాల తేడా డబ్బుగా కనిపిస్తుంది. అదే వెంట్రుక, మూడు రకాల జవాబులు.

జపాన్‌కు ధర తగ్గిస్తామని మొదటి మెయిల్‌లో రాస్తే నోరు మూయించడానికి చూస్తున్నారనుకుంటారు. వాళ్లకు కావాల్సింది మళ్లీ రాకుండా ఏం చేశారన్నది. ఫోటో వచ్చిన 24 గంటల్లో మొదటి మెయిల్: కార్టన్ నంబరు, లాట్ కోడ్, ప్యాక్ చేసిన తేదీ, అదే లాట్ కార్టన్లు ఇంకెక్కడెక్కడ ఉన్నాయి, మన గోదాములో మిగిలినవి ఆపాం. కారణం ఊహించి రాయొద్దు. రెండు మూడు రోజుల్లో ఏ మెట్టు దాకా వెతికామో. రెండు వారాల్లోపు కారణం, ఫోటోలు, మార్చిన పద్ధతి, కొత్త పద్ధతి నేర్పినట్టు సంతకాల రిజిస్టరు. నెల తర్వాత అడగకుండానే ఇంకో పేజీ: మార్పు నిలబడిందా లేదా.

"ఆ టేబుల్ దగ్గర కూర్చున్న మనిషిని తీసేశాం" అని మాత్రం రాయకండి. మన దగ్గర అది కఠిన చర్య. అక్కడ చదివేవాళ్లకు, పద్ధతిలో లోపం వెతక్కుండా మనిషి మీదికి నెట్టేశారని అర్థమవుతుంది. పైగా నిజం కూడా అదే: వల టోపీ చెవుల మీదికి రాకపోతే ఎవరు కూర్చున్నా వెంట్రుక పడుతుంది.

జర్మనీకి ఇంత కథ అవసరం లేదు. కారణం ఒక పేజీ, కాంట్రాక్టులో ఏ క్లాజు కింద ఎంత పరిహారం, ఎప్పుడు చెల్లిస్తారు. అంకె లేకుండా క్షమాపణే పంపితే జవాబు దాటేస్తున్నారనుకుంటారు.

దుబాయ్ అయితే ముందు ఫోన్. మెయిల్ తర్వాత. అక్కడ కొనేది చాలాసార్లు మలయాళీ, గుజరాతీ, ఇరానీ వ్యాపారులు. నెట్‌లో ఉండే "అరబ్బు మర్యాదలు" కంఠస్థం చేసి వెళితే నవ్వుతారు. తర్వాతి కంటైనర్‌లో సర్దుబాటు చేయమంటారు. సరే అనండి, కానీ ఫోన్ పెట్టిన అరగంటలో ఒప్పుకున్న అంకెలు మెయిల్‌లో రాయండి.

వీటన్నిటికీ ముందు ఒకటుండాలి. కార్టన్ నంబరు చూస్తే ప్యాక్ చేసిన షిఫ్టు, పొట్టు తీసిన టేబుల్, పిక్కలు వచ్చిన లాట్ దాకా వెనక్కి వెళ్లగలగాలి. 20 అడుగుల కంటైనర్‌లో 22.68 కిలోల కార్టన్లు 700, అంటే 15,876 కిలోలు. లాట్ కోడ్ లేకపోతే ఒక్క వెంట్రుకకు మొత్తం 700 అనుమానంలో పడతాయి. మెటల్ డిటెక్టర్‌దీ అదే తర్కం: గంటకోసారి పరీక్ష ముక్కలు పంపి రాసుకోవాలి, ఒక గంట ఫెయిలైతే అంతకు ముందు సరైన పరీక్ష తర్వాత ప్యాక్ చేసినదంతా మళ్లీ పంపాలి.


గుడ్డు_బద్ద

ఎవరూ మన వైపు చూడట్లేదు. ఆడిట్‌కు విదేశీయుడు వచ్చి పొట్టు తీసే అమ్మాయిని "చేతులు ఎప్పుడు కడుగుతావు?" అని అడిగితే ఆమె సూపర్‌వైజర్ మొహం చూస్తుంది, సూపర్‌వైజర్ యజమాని మొహం చూస్తాడు. మనకది వినయం. ఆడిటర్ మాత్రం "శిక్షణ లేదు" అని రాసుకుంటాడు. ఒడియా, తెలుగు, సవర మాట్లాడేవాళ్లు ఒకే షెడ్డులో ఉంటారు. సూచనలు ఇంగ్లీషులో అంటిస్తే ఆడిటర్ తప్ప ఎవరూ చదవరు. బొమ్మలతో పాటు ఒడియా, తెలుగు రెండూ పెట్టండి. వారానికోసారి వేరే విభాగం మనిషి వచ్చి అడిగితే పనిచేసేవాళ్లే జవాబు చెప్పడం అలవాటు చేయండి. యజమాని ఆ సమయంలో షెడ్డు బయట ఉంటే మరీ మంచిది.

ఇంకోటి, మన పండగల పట్టిక విదేశీ కొనుగోలుదారుకి ఎవరూ పంపరు. జూన్ మధ్యలో రజ పర్వం మూడు రోజులు ఆడవాళ్లు పనిలోకి రారు. పొట్టు తీసేది, ఏరేది వాళ్లే కాబట్టి ఫ్యాక్టరీ నిలిచిపోతుంది. జనవరిలో సంక్రాంతి. బరంపురంలో రెండేళ్లకోసారి చైత్రంలో ఠాకురాణి యాత్ర. ఇవన్నీ జనవరి మొదటి వారంలో ఒక పేజీలో పంపితే షిప్‌మెంట్ తేదీలు వాళ్లే సర్దుకుంటారు. జూన్ 12న "లేబర్ ప్రాబ్లం" అని మెయిల్ పెడితే సమ్మె అనుకుంటారు.


చికిటి గేటు

ఇది చాలా మంచి పాయింటు, ఎవరూ ఆలోచించరు.

అంకెలు రాసే తీరు కూడా చెప్పేస్తాను. మన 1,25,000 చూసి జర్మనీవాడు టైపు తప్పనుకుంటాడు. వాళ్లు 1.250,00 అని రాస్తే అది పన్నెండువందల యాభై, చుక్కా కామా తారుమారు. ఫ్రెంచివాళ్లు కామాకు బదులు ఖాళీ వదులుతారు. ఇన్‌వాయిస్‌లో 125,000.00 అని రాసి, కింద అక్షరాల్లో కూడా రాయండి. లక్షలు, కోట్లు వద్దు. తేదీలో నెలను అక్షరాల్లో రాయండి, 03/04 ఏప్రిలో మార్చో అమెరికా వాడితో తేల్చుకోలేరు.

సమయం: జపాన్ మనకంటే మూడున్నర గంటలు ముందు, మీ ఉదయం పదింటికి వాళ్లకు మధ్యాహ్నం ఒకటిన్నర. అబిడ్జాన్ అయిదున్నర గంటలు వెనక. జర్మనీ చలికాలంలో నాలుగున్నర, ఎండాకాలంలో మూడున్నర గంటలు వెనక, మార్చి, అక్టోబర్ చివరి ఆదివారాల్లో మారుతుంది. 2022 జనవరి నుంచి దుబాయ్‌లో శని, ఆదివారాలు సెలవు, ప్రభుత్వ ఆఫీసులకు శుక్రవారం సగం రోజే. సౌదీలో మాత్రం శుక్ర, శనివారాలు.


మహేంద్రతనయ (పర్లాకిమిడి)

పట్టిక ఈ రోజే మొదలుపెడతాం. చివరి ప్రశ్న: నమూనా ఎంత పంపాలి, ఎలా?


నాగావళి (రాయగడ)

కొనుగోలుదారు బరువు చెప్పకపోతే 500 గ్రాముల వ్యాక్యూమ్ ప్యాకెట్లు రెండు. అదే లాట్ నుంచి మూడోది సీలు వేసి, తేదీ రాసి మీ దగ్గర ఉంచుకోండి. ఏరి ఏరి మంచి గుడ్లే (విరగని పప్పులే) వేయకండి. డబ్ల్యూ 320 అంటే పౌనుకు 300 నుంచి 320 గుడ్లు, మీ ఫ్యాక్టరీలో మామూలుగా 316 వస్తుంటే నమూనా 316దే ఉండాలి. 302 పంపి మెప్పిస్తే కంటైనర్ వచ్చాక నమూనాతో పోల్చి తూస్తారు. లాట్ కోడ్, తేమ శాతం, ప్యాక్ చేసిన తేదీ లేబుల్ మీదే ఉండాలి, మెయిల్‌లో కాదు. మెయిల్ కొనుగోలు విభాగానికి, ప్యాకెట్ ల్యాబ్‌కి వెళతాయి.


బరంపురం బజారు

కొరియర్ వాడికి చిరునామాలో ఒడిశా అని, పిన్ కోడ్ అని రాయండి మహేంద్రతనయ గారూ. ప్యాకెట్ తిరిగొస్తే బెంగాల్ పోకుండా.